నెత్తళ్ళు మోసిన విమానపు బండి

నేను ఒక భోజనాల బండిని. బండి అనగానే ఎద్దుల్నీ తోపుడుబండినీ తలుచుకోకండి. విమానంలో కుర్చీల వరుసల మధ్య, మోచేతులు జాగ్రత్త అనిపించుకుంటూ వచ్చే సన్నటి అల్యూమినియం పెట్టె ఉంటుందే, అది నేను. నాలుగు చక్రాలు, ఆగడానికి ఎర్ర మీట, కదలడానికి పచ్చ మీట, కడుపులో ఏడు సొరుగులు. ఇంతే నా ఆస్తి.

పుట్టింది ఎక్కడో మంచు కురిసే దేశంలో. కార్ఖానాలో ఒకాయన నా నడుము మూడుసార్లు కొలిచి తృప్తిగా తలాడించాడు. నడవలో నాకు అటూ ఇటూ రెండేసి వేళ్ళ సందు మిగిలితే చాలట. ఆ లెక్క వేసిన మహానుభావుడు మనుషులకు మోచేతులూ మోకాళ్ళూ ఉంటాయన్న సంగతి మరిచిపోయాడు. ఆ మరుపుకి ఇరవై ఏళ్ళపాటు నేను తిట్లు తిన్నాను.

ఆకలితో ఉన్న మనిషిని చాలామంది చూసి ఉంటారు. ఆకలి లేకపోయినా అన్నం వస్తోందని తెలిసిన మనిషిని చూడాలంటే మాత్రం నన్నడగండి. విమానాశ్రయంలో పెసరట్టు తిని, కాఫీ తాగి, త్రేనుస్తూ వచ్చి కూర్చున్న పెద్దమనిషి, నేను మొదటి వరుస దగ్గర కనబడగానే పద్దెనిమిదో వరుసలో ముందున్న బల్ల దించేస్తాడు. పుస్తకం చదువుతున్నట్టే ఉంటాడు గాని, కళ్ళు పుస్తకం పైఅంచు మీదే ఉంటాయి. పక్కనున్న ఇల్లాలు "నాకేం వద్దు" అంటుంది. మొగుడి డబ్బా మూత తెరుచుకుని ఆవిరి రాగానే, రుచి చూస్తానని బన్ను తీసుకుంటుంది. తరవాత కూర. చివర్న గులాబ్ జామ్ కప్పు కూడా లాక్కుని, "మీకు షుగరు కదా" అంటుంది. ఒకసారి తెనాలి ఆయనొకడు జేబులోంచి కందిపొడి పొట్లం తీశాడు. దిగేలోగా చుట్టూ ఆరుగురు చుట్టాలైపోయారు.

నన్ను తోసినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఎక్కువ కాలం తోసినవాడు కనకారావు. ఊరు విశాఖపట్నం. కోటు మీద పేరుబిళ్ళలో మాత్రం 'కెన్' అని ఉండేది. కోడికూర ఎప్పుడూ ఇరవై రెండో వరుసకల్లా అయిపోయేది. ఇరవై మూడో వరుస వాడికి ఆ కబురు చెప్పడం మామూలు విద్య కాదు. కనకారావు కొంచెం వంగి, ఆ కోడిని తానే పెంచినంత బాధగా, "అయిపోయిందండీ సర్, సారీ" అనేవాడు. కోపంతో నోరు తెరిచినవాడు కూడా అతన్నే ఓదార్చి పనీర్ పుచ్చుకునేవాడు. ఎవరు ఎంత విసుక్కున్నా కనకారావు నవ్వు చెక్కు చెదిరేది కాదు. ఈ మనిషి ఇంట్లోవాళ్ళు ఎంత అదృష్టవంతులో అనుకునేదాన్ని.

ఆ తరవాత మా కంపెనీ మూతపడింది. విమానాలు ఎవరో పట్టుకెళ్ళారు. మమ్మల్ని తుక్కు కింద తూకం వేస్తుంటే కనకారావు వచ్చి, నా తలుపు మీద సొట్ట చూసి గుర్తుపట్టి, నన్ను కొని, పార్సిలు లారీలో ఎక్కించాడు. అలా గాజువాకలో, మూడు గదులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉన్న ఇంటికి చేరాను. అతని భార్య ఈశ్వరి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. నన్ను చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏటండీ ఇది? బీరువా అనుకుందామంటే గూట్లో చీర పట్టదు."

"దాని విలువ నీకు తెలీదులే" అని కనకారావు కుర్చీలో కూర్చుని, "ఈశ్వరీ, మంచినీళ్ళు" అన్నాడు. కుండ అతనికి రెండు బారల దూరంలో ఉంది.

నేను నివ్వెరపోయాను. తరవాత అలవాటైంది. ఆమె వడ్డిస్తే తలెత్తేవాడు కాదు. పప్పులో ఉప్పేదనేవాడు. చారు చల్లారిందనేవాడు. తిన్న కంచం తిన్నచోటే వదిలి లేచేవాడు. మా కెన్ విమానంలోనే ఉండిపోయాడు కాబోలు, ఇంటికి కనకారావు ఒక్కడే వచ్చాడు. ఈశ్వరి ఒకసారి ఊరుకోలేక అననే అంది. "ఇమానంలో మూడొందల మందికి కంచాలు తీసినోరికి ఇంట్లో ఒక్క కంచం బరువైపోనాదేటండీ?"

ఇంటి వెనక గదిలో ఆమె తండ్రి పోలినాయుడు ఉండేవాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. అతనికీ అల్లుడికీ పడదు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయిది ఇమానంలో ఉజ్జోగం" అని ఎవరో చెబితే, క్రేను నడిపినట్టే విమానం నడుపుతాడనుకుని సంబరంగా ఒప్పుకున్నాడు. అసలు సంగతి తెలిశాక, "నా కూతుర్ని ఎంగిలి కంచాలెత్తీవోడికి ఇచ్చేశాన్రా" అని వీధంతా చెప్పుకున్నాడు. కనకారావు దాన్ని మరిచిపోలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఈశ్వరి ద్వారానే మాట్లాడుకునేవారు.

ఆ వానాకాలం పోలినాయుడికి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, పోతూ పోతూ నాలుక మీది రుచి పట్టుకుపోయింది. జావ ఇస్తే "సున్నం నీల్లు" అన్నాడు. ఇడ్లీ ఇస్తే "దూది" అన్నాడు. ఆ పైన ఏమీ అనడం కూడా మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. క్రేనుతో ఓడల మీది బరువులు దించిన భుజాలు మంచానికి అతుక్కుపోయాయి. ఈశ్వరి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. డాక్టరు చూసి, "ఏది అడిగితే అది పెట్టండి, ఉప్పు మాత్రం చూసుకోండి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి" అన్నాడు. ఆమె సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. మర్నాడు పొద్దున చెప్పులు వేసుకుంటూ మొగుణ్ణి అడిగింది.

"మీకూ ఆయనకీ ఏటున్నా, నానొచ్చేదాకా నాలుగు చెంచాలు తాగించండి. మీకు దండం పెడతాను."

పదకొండింటికి కనకారావు జావ కాచాడు. జావ గ్లాసు, వేడినీళ్ళు, మాత్రలు, తువ్వాలు. అన్నీ ఒక్కసారి పట్టుకెళ్ళడానికి చేతులు చాలక, చుట్టూ చూసి, నా నెత్తిన పెట్టాడు. పచ్చ మీట నొక్కాడు. వంటింటి నుంచి వెనక గదికి వెళ్ళే నడవ సన్నగా ఉంటుంది. నాకు అటూ ఇటూ రెండేసి వేళ్ళ సందు మిగిలింది. చక్రాలు కదిలిన చప్పుడుకి కనకారావు నడుం దానంతటదే నిటారైంది. మంచం పక్కకి రాగానే ఎర్ర మీట తొక్కి, కొంచెం వంగి, తనకు తెలియకుండానే, ఆ పాత గొంతుతో అనేశాడు.

"సర్, వెజ్జా, నాన్‌వెజ్జా?"

అని నాలిక కరుచుకున్నాడు. అయితే గోడవైపున్న తల మెల్లిగా ఇటు తిరిగింది. రెండు రోజులుగా మాట లేని మనిషి.

"ఏటేటున్నాయి?"

ఉన్నది జావ ఒక్కటే. కనకారావు ఇరుక్కుపోయాడు. ఇరుక్కున్నప్పుడు ఏం చెయ్యాలో అతనికి ఒక్కటే వచ్చు. "నాన్‌వెజ్ అయిపోయింది సర్. సారీ" అన్నాడు, ఎంతో బాధగా.

పోలినాయుడు మోచెయ్యి ఆనించి లేవబోయాడు. "అయిపోనాదా? ముందోల్లందరికీ ఎట్టేసి నా కాడికొచ్చీసరికి అయిపోనాదంటావేటి? పోర్టు కేంటీన్లోనూ ఇదే దొంగబుద్ది!"

కోపం వచ్చింది. ప్రయాణికుడికి కోపం వచ్చిందంటే ఆకలి పూర్తిగా చావలేదన్నమాట. అది కనకారావుకీ తెలుసు, నాకూ తెలుసు.

"రేపు తప్పకుండా ఉంటుంది సర్. ఏం కావాలి?"

"నెత్తల్లు" అన్నాడు ముసలాయన. ఆ కోపం మీదే సగం గ్లాసు జావ తాగి, గ్లాసు విసిరినట్టు పెట్టి పడుకున్నాడు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. ఇరవై రెండేళ్ళు లక్షలమందికి భోజనం అందించిన కనకారావుకి కూర వండడం రాదు. ఎవరో వండింది వేడి చేసి ఇవ్వడమే వచ్చు. మర్నాడు పొద్దున్నే హార్బరుకి వెళ్ళి నెత్తళ్ళు తెచ్చాడు. వేలెడంత చేపలు. వాటి తలలు గిల్లడానికి గంటన్నర పట్టింది. ఈశ్వరికి ఫోను చేసి, "చింతపండు ఎంత?" అని అడిగాడు. ఆమె, "నిమ్మకాయంత" అంది. "పెద్ద నిమ్మకాయా, చిన్న నిమ్మకాయా?" అన్నాడు. అవతల ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు వినబడలేదు.

ఆ కూర నా నెత్తికెక్కి వెనక గదికి వెళ్ళింది. పోలినాయుడు రెండు ముద్దలు తిన్నాడు. "ఏ రుచీ నేదు" అని కంచం తోసేశాడు. కనకారావు ముఖం చూడాలి మీరు! చేతికి ముళ్ళు గుచ్చుకున్న మనిషి, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర చెమటోడ్చిన మనిషి. కంచం తెచ్చి గట్టు మీద పెట్టి, అందులోదే ఒక చేప నోట్లో వేసుకున్నాడు. కూర బాగానే ఉంది. మరి ముసలాయనకి రుచి ఎందుకు తెలియలేదు?

అక్కడే నిలబడిపోయి, నా మూత మీద వేళ్ళు వాయిస్తూ ఆలోచించాడు. ఆకాశంలో ఎగిరేటప్పుడు మనుషుల నాలుక మొద్దుబారుతుంది. పొడిగాలికీ, పీడనానికీ, ఇంజను హోరుకీ ఉప్పూ తీపీ సగమే తెలుస్తాయి. పులుపు మాత్రం అంతగా తగ్గదు. కింద ముట్టనివాళ్ళు కూడా పైన టమాటా రసం అడిగి మరీ తాగుతారు. ఈ సంగతి అతనికి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. మామగారు మంచం మీద ఉన్నా నాలుక ఆకాశంలో ఉంది. ఉప్పు పెంచకూడదు. పులుపు పెంచొచ్చు కదా?

ఆ మధ్యాహ్నమే బాగా పండిన టమాటాలు ఉడకబెట్టి, చింతపండు చిక్కగా పిండి, మిరియాలూ వెల్లుల్లీ దంచి వేసి, గిన్నెడు చారు మరిగించాడు. ఆ ఘాటుకి పక్కింటివాళ్ళు తుమ్మారు. కప్పులో పోసి ఇచ్చాడు. పోలినాయుడు అయిష్టంగా ఒక గుక్క తాగాడు. ఆగాడు. పెదాలు చప్పరించాడు. కప్పు రెండు చేతులా పట్టుకుని, దించకుండా తాగేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిరియాల ఘాటుకేనని నేను అనుకుంటున్నాను.

"ఇంకోటి పొయ్యి" అన్నాడు.

గొట్టం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రోజుకి మూడుసార్లు నేను ఆ నడవలో తిరిగాను. నెత్తళ్ళు, తోటకూర పులుసు, చింతచిగురు పప్పు, అన్నీ పులుపులే. పోలినాయుడు అచ్చం ప్రయాణికుడిలాగే తయారయ్యాడు. నేను వంటింట్లో కదలగానే దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పళ్ళెం కోసం చోటు చేసేవాడు. ఆలస్యమైతే విసుక్కునేవాడు. కనకారావు నవ్వుతూ వంగి సారీ చెప్పేవాడు.

పదో రోజు, తిన్న కంచం కనకారావు తీయబోతే ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు.

"అల్లుడూ." ఆ పిలుపు అతని నోట మొదటిసారి విన్నాను. "ఇమానంలో అందరికీ ఇలగే ఎట్టీవోడివా?"

"అవును మావయ్యా."

"తిట్టినోల్లకి కూడానా? నవ్వుతానే?"

"నవ్వుతూనే."

పోలినాయుడు చెయ్యి వదల్లేదు. "కంచాలెత్తీవోడని నిన్ను వీదిలో నలుగురి కాడా అన్నాను. తప్పే. ఒప్పుకుంటన్నాను. మరొకటి అడుగుతాను సెప్పు. ముక్కూ మొకం తెలీనోల్లకి అంత నవ్వు ఎట్టినోడివి, మా అమ్మి నీకు ఒడ్డించినప్పుడు ఒక్కపాలైనా తలెత్తవేటి?"

ఇరుక్కున్నప్పుడు కనకారావు చెప్పే మాట ఒకటుంది కదా, ఈసారి అదీ రాలేదు. కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, కడిగిన కంచాన్నే కడుగుతూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం ఈశ్వరి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. కొంగు దోపుకుని వంటింటివైపు నడుస్తుంటే కనకారావు అడ్డొచ్చాడు.

"కూర్చో."

"ఏటైంది? నాన్నకి బాగులేదా?"

"బాగానే ఉన్నారు. తిని, పేపరు చదువుతున్నారు. నువ్వు కూర్చో."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది, ఏ క్షణాన్నైనా లేచేలా. నేను కదిలాను. అన్నం, నెత్తళ్ళ ఇగురు, చారు, పెరుగు. కనకారావు వడ్డించాడు. అన్నం పెట్టగానే ఆమె నీళ్ళకోసం లేచింది. నీళ్ళు ఇక్కడున్నాయని కూర్చోబెట్టాడు. మరో నిమిషానికి పెరుగు గరిటె కోసం లేచింది. గరిటె చూపించి మళ్ళీ కూర్చోబెట్టాడు. మూడోసారి ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ముఖం ముడుచుకుపోయింది.

"ఓలమ్మ! ఏటండీ ఇంత పులుపు? పళ్ళు జివ్వుమన్నాయి."

కనకారావు మొహం వాడిపోయింది. అంత పొడుగు మనిషీ నా పిడి పట్టుకుని, రెండడుగులు పొట్టివాడైనట్టు నిలబడ్డాడు. ఒక్క మాట ఎంత బరువుంటుందో అప్పుడు లెక్క తేలినట్టుంది. ఈశ్వరి తలెత్తి అతని మొహం చూసింది. ఏమనుకుందో, నవ్వింది.

"ఉప్పైనా సరిపోనాదిలెండి. ఇంకో రెండు చేపలు వెయ్యండి."

వేశాడు. ఆమె తింది. తొందర లేకుండా, ఒక్కో ముద్దా. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నమలడం నెమ్మదించింది. కళ్ళు మూతపడ్డాయి. తల కుర్చీ వీపు మీదికి వాలింది. కుడిచేతి వేళ్ళకి మెతుకులు అలాగే ఉన్నాయి. భోజనం మధ్యలో నిద్రపోయినవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. విమానంలోనైతే కనకారావు భుజం తట్టి, దిగే వేళయింది, బల్ల ఎత్తెయ్యండి అని లేపేవాడు. ఇక్కడ దిగవలసిన ఊరేమీ లేదు.

వెనక గదిలోంచి పోలినాయుడు కేక వేశాడు. "అల్లుడూ, మజ్జిగ ఏదీ?"

కనకారావు గుమ్మం దాకా వెళ్ళి గొంతు తగ్గించాడు. "కాసేపాగండి మావయ్యా. పడుకుంది."

"ఎవులు, మా అమ్మేనా?" ముసలాయన గొంతు కూడా అమాంతం తగ్గింది. "తొంగోనీ. లేపకు."

కనకారావు తిరిగి వచ్చి, నా చక్రాలు చప్పుడు కాకుండా ఎర్ర మీట మెల్లిగా తొక్కాడు. పేపరు ఒకటి తీసుకుని మడిచి, ఆమె కంచం మీద ఈగ వాలకుండా విసురుతూ నిలబడ్డాడు.