తొమ్మిది పౌన్ల పద్నాలుగు ఔన్సులు

ఆర్విల్ క్రంప్ ఎరల కొట్టులో ఒక గోడ ఉంది. మా టకెట్ చెరువులో పది పౌన్లు, ఆపైన తూగిన బాస్ చేపను పట్టినవాళ్ల ఫోటోలే ఆ గోడ ఎక్కుతాయి. ముప్పై ఎనిమిదేళ్లలో నలభై ఏడు ఫోటోలు. అందులో ఆడమనిషి ఒక్కతే, అదీ మొగుడు పట్టిన చేపకు తోక పట్టుకుని నవ్వుతూ. నలభై ఎనిమిదోది నాది కావాలని నా పట్టుదల. అందులో దాచుకోవాల్సింది ఏముంది? తూర్పు టెక్సస్‌లో ఈ మూలనున్న మా ఊరంతటికీ తెలుసు. అందరికన్నా బాగా మా బావ డబ్‌కి తెలుసు.

డబ్ మా అక్క మొగుడు. పెదవి కింద పొగాకు, పెదవి మీద ఎగతాళి లేకుండా ఆ మనిషిని నేను చూడలేదు. రెండేళ్లుగా నేను పడవను ఒడ్డుకు తెచ్చినప్పుడల్లా కొట్టు వసారాలో కూర్చుని ఉంటాడు.

"ఏం వెల్డా, ఇవాళ కూడా ఎరకు స్నానం చేయించి తెచ్చావా?"

"నీళ్లు బాగున్నాయి బావా. నువ్వు కూడా వారానికోసారి దిగితే అక్క సంతోషిస్తుంది."

"పది పౌన్ల చేప నీ గాలానికి పడిన రోజున నా టోపీ నమిలి మింగుతాను."

"ఉప్పు నేను తెస్తాలే."

నేను ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపాను. తెల్లవారకముందే లేచి, బస్సు చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, దీపాలు చూసి, బ్రేకు తొక్కి చూస్తే గాని కదిలేదాన్ని కాదు. పిల్లల్ని ఎక్కించుకున్నాక గుర్తొచ్చిన లోపం లోపం కాదు, నేరం. గాలం దగ్గర కూడా నాకు అదే బుద్ధి. చాలామంది పెట్టెనిండా రంగురంగుల ఎరలు నింపుకుని, ఐదు నిమిషాలకొకటి మారుస్తూ చెరువంతా చక్కర్లు కొడతారు. నా పడవలో ఒకటే గాలం కర్ర ఉంటుంది. ఏడున్నర అడుగులది, వంగడానికి మొండికేసేది. ఒకటే ఎర, సీసపు తలకు నల్లటి రబ్బరు కుచ్చులు కట్టినది, నీటి అడుగున పాకే రొయ్యలా కనిపించేది. కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద పెట్టి చూస్తాను. జారిందా, ఆకురాయి మీద రుద్దాల్సిందే. గోరులో గుచ్చుకుని నిలబడితేనే అది నీళ్లలోకి దిగుతుంది.

దారం సంగతి ఇంకా ముఖ్యం. మా చెరువు నిండా మునిగి చచ్చిన చెట్లే. కొమ్మకు ఒరుసుకున్న దారం కంటికి బాగానే కనిపిస్తుంది, పెదవుల మధ్య లాగి చూస్తేనే గరుకు తెలుస్తుంది. గంటకోసారి చివరి ఆరడుగులూ కోసి పారేసి కొత్త ముడి వేస్తాను. బిగించే ముందు ముడిని ఎంగిలితో తడుపుతాను, లేకపోతే రాపిడి వేడికి దారం లోపలే కాలిపోతుంది. దీనికి డబ్ నవ్వుతాడు. "దారం కోసుకోవడానికి వెళ్తున్నావా, చేపలకు వెళ్తున్నావా?" అంటాడు.

ఇక చోటు. ఆనకట్ట కట్టకముందు ఈ నీళ్ల అడుగున మా తాతగారి పొలం ఉండేది. ఆవులు నీళ్లు తాగడానికి ఆయన మట్టికట్ట వేసి ఒక చిన్న కుంట చేశాడు. ఆ కట్ట ఇప్పుడు తొమ్మిది అడుగుల లోతులో ఉంది. నీళ్లలోనే ఎండి నిలబడిన పెద్ద ఓక్ చెట్టునూ ఊరి నీళ్ల ట్యాంకునూ ఒక వరసలోకి తెచ్చుకుంటే కట్ట మీదే ఉంటాం. మా నాన్న ఒకసారి చూపించాడు, అంతే. నీటి అడుగును చూపించే టీవీలంత తెరలు పడవలో బిగించుకున్న కుర్రకారు దాని మీదుగా రోజూ దూసుకుపోతారు. వాళ్ల తెర మీద అదొక చిన్న గడ్డ. నాకు అది మా ఇల్లు.

అక్కడ రెండు వసంతాల్లో నలభై ఒక్క పొద్దులు కూర్చున్నాను. రెండు మూడు పౌన్ల చేపలు కావాలంటే వేరే చోట్ల బోలెడు. పెద్దది కావాలనుకున్న మనిషి చిన్నవాటి మీద ఆశ చంపుకోవాలి, ఖాళీ పడవతో ఒడ్డుకొచ్చి తలెత్తుకుని నడవాలి. ఇది రాకే చాలామంది ఫోటోలు ఆ గోడ మీద లేవు.

నలభై రెండో పొద్దు మార్చి మొదటి శనివారం. మూడు రోజులుగా దక్షిణపు గాలి వీచి నీళ్లు వెచ్చబడ్డాయి. మబ్బు కమ్మి ఉంది. అప్పుడే దారం కోసి కొత్త ముడి వేశాను. ఎరను కట్టకు అవతల వేసి, అంగుళం అంగుళంగా కట్ట ఎక్కించి, పైన ఆపాను. సాసేజ్ రొట్టె ఒక చేత్తో తింటున్నాను. ఉన్నట్టుండి దారం చివర బరువు మాయమైంది.

చిన్న చేపలైతే టకటకా కొడతాయి. పెద్దది అలా కొట్టదు. నోరు తెరిచి ఎరను లోపలికి పీల్చేసుకుని నీవైపే వస్తుంది, నీకు తెలిసేదల్లా దారం వదులవడమే. రొట్టె నీళ్లలో పడేసి, వదులంతా చుట్టేసి, కర్రను వెన్నెముక కలుక్కుమనేలా వెనక్కి లాగాను. అటువైపు ఏదో ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నేరుగా ఓక్ చెట్టు వేళ్లవైపు బయల్దేరింది. దారం చెట్టుకు ఒరుసుకుంటున్న గరగర నా మోచేతి దాకా తెలిసింది. "ముడి నాది, ఆగుతుంది" అని పైకే అనుకున్నాను. ఆగింది. ముందు తోక, ఆ తర్వాత నా పిడికిలి దూరేంత నోరు కనిపించాయి. వల కిందికి తోసి ఎత్తాను.

చేతులు తడుపుకుని పట్టుకున్నాను. పొట్ట గుడ్లతో నిండి ఉంది. చేతి కాటాకు తగిలిస్తే ముల్లు పది పౌన్ల మూడు ఔన్సుల దగ్గర నిలబడింది. పదహారు ఔన్సులైతే ఒక పౌను, అంటే గీత దాటి మూడు మెట్లు పైన. అరవై మూడేళ్ల మనిషిని పడవలో కూలబడి ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేం లేదు.

పడవలోని నీటి తొట్టిలో చేపను వదిలి బయల్దేరాను. కొట్టు మూడు మైళ్లు. వేగంగా పోతే అలల కుదుపుకు చేప దెబ్బతింటుందని నడక వేగంతో పోనిచ్చాను. చేప బతికి ఉండి, తూకం తర్వాత ఈదుకుంటూ వెళ్తేనే లెక్క. ఆ మూడు మైళ్లూ ఫోటోకు ఏ చొక్కా బాగుంటుందా అని ఆలోచించాను. వేసుకున్న దాని మీద సాసేజ్ మరక ఉంది.

రేవు చేరి తొట్టి మూత తీశాను. చేప నిక్షేపంగా ఉంది. దాని పక్కన, సగం అరిగిన వెండిరంగు చేప ఒకటి తేలుతోంది. అరచేయంత ఉంది. పొద్దున తిన్నదాన్ని నా చేప దారిలో కక్కేసింది.

ఇక పది పౌన్ల మాట అనుమానమే. ఎందుకో చెప్పాలంటే తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో శనివారాలు ఆర్విల్ గారి కాటా దగ్గర నేనే కూర్చునేదాన్ని. ఎవరి మొహమాటానికీ లొంగనని ఆయన నన్ను పెట్టుకున్నారు. ఒకరోజు డబ్ తన జీవితంలోకెల్లా పెద్ద చేపను తెచ్చాడు. సంచిలోనే అది తిన్నది కక్కేసింది. చేప తొమ్మిది పౌన్ల పదమూడు ఔన్సులు తూగింది. కక్కింది నాలుగు ఔన్సులు. రెండూ కలిపి తూచమని డబ్ పట్టుబట్టాడు. "తూచేది చేపను బావా, దాని టిఫిన్‌ని కాదు" అన్నాను. కొట్టులో అందరూ పగలబడి నవ్వారు. అంతటితో ఊరుకోకుండా బోర్డుల మీద రాసే లావు సిరాకలం తీసుకుని కాటా పైనున్న బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: బయటికొచ్చింది తూకంలోకి రాదు. ఆ తర్వాత రెండు థాంక్స్‌గివింగ్ పండగ విందుల్లో డబ్ నాకు టర్కీ కోడి పళ్లెం అందించలేదు.

తొట్టి ముందు నిలబడి ఇదంతా తలుచుకున్నాను. రేవులో ఎవరూ లేరు. కక్కినదాన్ని వేలితో మళ్లీ గొంతులోకి తోసేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, అలాంటివాళ్లను నేనే కాటా దగ్గర పట్టుకున్నాను. నా చేయి తొట్టిలోకి వెళ్లింది. ఆ చిన్న చేప తోకను పట్టుకుంది కూడా. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత రెండింటినీ అలాగే నీళ్ల సంచిలోకి దించి మెట్లెక్కాను.

డబ్ వసారాలో లేచి నిలబడ్డాడు. సంచిలోకి తొంగిచూసి నా వెనకే లోపలికొచ్చాడు. ఆర్విల్ గారు చేపను కాటా మీద పెట్టారు. అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. తొమ్మిది పౌన్ల పద్నాలుగు ఔన్సులు.

ఆయన చేపను గాలిబుడగలు వదిలే పెద్ద తొట్టిలో దింపారు.

"సంచిలో ఇంకోటి ఉందిగా" అన్నాడు డబ్. నేను వద్దనేలోపు దాన్ని తీసి కాటా మీద పడేశాడు. ఐదు ఔన్సులు. "కలిపితే పది మూడు. తీయండి కెమెరా."

"అది లెక్కలోకి రాదు బావా."

"వస్తుంది. నీది వస్తే నాదీ వస్తుంది. నాది పది ఒకటి. ఒకే రోజు ఇద్దరం గోడెక్కుదాం మరదలా. నీది నాకన్నా పైన పెట్టించుకో, నేనేమీ అనుకోను. టోపీ కూడా నములుతాను."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఆర్విల్ గారు బల్ల కింద వెతికి తడిగుడ్డా, సిరాకలమూ తీసి నా ముందు పెట్టారు.

"రాసింది నువ్వే వెల్డా" అన్నారు. "చెరిపినా నువ్వే చెరపాలి. ఇక్కడ ఒక్కరు కూడా కాదనరు. ఆ చేప ఈ చెరువులో పది పౌన్లు ఉండగానే పట్టావు. అది అబద్ధం కాదు."

నిజమే, అబద్ధం కాదు. అందుకే అంత కష్టమైంది. గోడ వైపు చూశాను. మూడో వరస చివర ఒక ఖాళీ ఉంది, రెండేళ్లుగా దాన్ని నాదనే అనుకుంటున్నాను. నాకు ఆ ఖాళీ ఎంత కావాలో అప్పుడు తెలిసింది, పళ్లు నొప్పెట్టేంత కావాలి. బోర్డు చూశాను. తొమ్మిదేళ్ల ఎండకు అక్షరాలు వెలిసిపోయాయి. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు.

స్టూలు లాక్కుని ఎక్కాను. సిరాకలం తీసి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా దిద్దాను. నల్లగా, లావుగా, వీధిలోంచి కూడా చదివేలా. కింద తారీఖు వేశాను. దిగి, తూకం పుస్తకంలో నా పేరెదురుగా తొమ్మిది పద్నాలుగు అని రాశాను.

డబ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నమలడానికి కాదు. అతని నెత్తి మీద వెంట్రుకలు అంత పలచబడ్డాయని నేను ఎప్పుడూ గమనించలేదు.

"తొమ్మిదేళ్లుగా నామీద కోపంతో రాశావనుకున్నాను" అన్నాడు. "మీ అక్కతో కూడా అదే అన్నాను. చాలాసార్లు."

"నాకు తెలుసు బావా."

"ఈసారి ఆ మాట వచ్చినప్పుడు మీ అక్కతో నేనే చెబుతాను, కోపంతో కాదని."

గోడ మీది నలభై ఏడుగురినీ ఒకసారి చూశాను. వాళ్లలో ఎవరి ముందూ నేను తల దించుకోనక్కరలేదు. నాకు గర్వంగా ఉంది, చాలా గర్వంగా ఉంది.

ముగ్గురం కలిసి రేవుకు దిగాం. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చేప పొట్ట కింద అరచేయి పెట్టి పట్టుకున్నాను. మొప్పలు నాలుగైదుసార్లు తెరుచుకున్నాయి. తోకతో నా చొక్కా మీదికి నీళ్లు కొట్టి, లోతులోకి వెళ్లిపోయింది. సాసేజ్ మరక మీద చెరువు మరక కూడా పడింది.

"ఏడాదికి ఎంత పెరుగుతుందంటావు?" అన్నాడు డబ్, నీళ్లవైపే చూస్తూ.

"తిండి బాగుంటే అర పౌను దాకా పెరుగుతుంది. దీని తిండికేం, చూశావుగా."

"నా చేప కన్నా ఒక ఔన్సు ఎక్కువే తూగిందిలే" అని గొణిగి, నావైపు తిరిగి అడిగాడు. "ఇంతకీ ఎక్కడ పట్టావు?"

"దాని పెదవి దగ్గర."

ఆర్విల్ గారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. డబ్ టోపీ నెత్తిన పెట్టుకుని, తిట్టుకుంటూ కాఫీకి పోయాడు. నేను పడవలోకి ఎక్కి కర్ర తీశాను. దారాన్ని పెదవుల మధ్య లాగి చూశాను. ఓక్ చెట్టుకు ఒరుసుకున్న చోట రంపంలా ఉంది, ఇంకో రెండు నిమిషాలైతే తెగేది. ఆరడుగులు కోసి జేబులో పెట్టుకున్నాను. కొత్త ముడి వేసి, ఎంగిలితో తడిపి, బిగించాను. ఇంకా పొద్దు చాలా ఉంది.