నీలం తిరిగి రాలేదు

రెండు గీతలు, ఒకటి కాదు రెండు, పొద్దున్నుంచి పూర్ణిమ కళ్ళు మూసినా తెరిచినా అవే, గోరంత గాజు ముక్క వెనకాల వజ్రపు మొనతో తను గీసినవే, ఒక గీత ఉంటే లేజరుతో కాల్చిన ముక్క, రెండుంటే అసలు కాల్చనిది, రాజేంద్రనగర్‌లో ఎక్కిన ఎయిర్‌పోర్టు బస్సు అప్పుడే శంషాబాద్ చేరింది, ఒళ్ళో డబ్బా, డబ్బాలో కాల్చినదొకటి, కాల్చనిదొకటి, రెండు ముక్కలు, రెండు గంటలకల్లా ఎయిర్‌పోర్టు గేటు దగ్గరికి తెచ్చివ్వమ్మా, రేపు శాస్త్రవేత్తల సభలో అందరికీ చూపించాలి అన్నారు ల్యాబు పెద్ద వరప్రసాద్ సారు, ఏం చూపిస్తారు, ఆ గాజు మీద వెంట్రుకలో వెయ్యోవంతు సన్నని స్తంభాలు, వాటి మీద జెర్మేనియం, ఆంటిమొనీ, టెల్లూరియం కలిపిన పూత, మామూలుగా నీలం, వేడి తగిలితే లోపలి అణువులు వరసకట్టి ఎరుపు, మళ్ళీ నీలం చేయగలిగితేనే గొప్ప, నాలుగేళ్ళు, నాలుగేళ్ళ చాకిరీ, బోనాల మర్నాడు నిద్రకళ్ళతో ల్యాబుకొచ్చి సూక్ష్మదర్శిని కింద నీలం చూసి గంతులేసింది, వచ్చింది సార్ వెనక్కి వచ్చింది, ముక్క తిప్పి గీత చూడాలన్న ఇంగితం లేకపోయింది, ఈ పొద్దున డబ్బాలో సర్దుతూ తిప్పితే రెండు గీతలు, ఛీ, ఎన్నడూ కాలనిది నీలంగా ఉండక ఏం చేస్తుంది.

అక్కా, జర బ్యాగు పక్కకు వెట్టు అంటున్నాడు కండక్టర్, పెట్టింది, ఎవరు తిప్పి చూస్తారు, ఎవరూ చూడరు, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటే ఈ నెలాఖరుతో ముగిసే ఉద్యోగం ఇంకో రెండేళ్ళు నిలబడుతుంది, చెబితే ఈ నెలే ఆఖరు, చెప్పకపోతే ఆ పెద్దమనిషి వందమంది ముందు నిలబడి అబద్ధం చెబుతాడు, అదీ తన మాట నమ్మి, ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత సంతోషం ఎరగనమ్మా, నీ పేరే ముందు చెబుతాను అన్నాడాయన, ఆ మాట తలచుకుని డబ్బా మూత ఇంకోసారి నొక్కింది.

జల్‌పల్లి నుంచి అమ్మ దుర్గవ్వ ఫోను, ఆమె దుకాణాలకు పల్లీపట్టీలు చేసి వేస్తుంది, తిన్నవా బిడ్డా అని మొదలుపెట్టి, ఇయ్యాల పాకం గట్టిపడి రాయయింది, పారబోద్దామనుకున్న, సన్న మంట మీద ఎంతసేపు వెట్టినా గడ్డ గడ్డనే, ఇగ ఏమైతే అదైందని మంట పెద్దగ జేసి మొత్తం కరగబెట్టిన, మంచిగయింది, అంది, పూర్ణిమ ఊఁ అంది, ఊఁ అంటూనే ఆగిపోయింది, తను చేసిందీ ఆ సన్న మంటే కదా, పూత కరిగి, అణువులు వరస కట్టేలోపే చప్పున చల్లారితేనే నీలం, ఆ సంగతి పుస్తకంలో చదివీ పూత లేచిపోతుందేమోనని భయపడి మూడువందల సార్లూ లేజరు వేడిని కరిగే అంచుదాకా పెంచి ఆగిపోయింది, పిరికిది, అక్కడా పిరికిదే ఇక్కడా పిరికిదే.

గేటు దగ్గర సారు చెయ్యి చాపి ఎదురొస్తున్నారు, నవ్వుతున్నారు, ఆ నవ్వు చూస్తూనే అనేసింది, సార్, నీలం రాలేదు, కాల్చని ముక్కను చూసి వచ్చిందన్నాను, తప్పు నాదే, చాపిన చెయ్యి అలాగే ఆగింది, ఎప్పుడు తెలిసిందమ్మా, ఈ పొద్దున్నే సార్, ఈ పొద్దున్నేనా, అని ఆయన మళ్ళీ అడిగారు, ఆ రెండోసారి అడగడమే గుండెలో గుచ్చుకుంది, ఆయన డబ్బా తీసుకుని మూత తెరిచి ఒక్కో ముక్కనూ తిప్పి, కళ్ళజోడు పైకెత్తి గీతలు లెక్కపెట్టారు, నెత్తిమీద విమానం పోతోంది, అప్పుడర్థమైంది పూర్ణిమకు, రేపు పెద్ద మంట పెట్టి నీలం నిజంగానే తెచ్చినా సరే, ఇక తను ఏం చెప్పినా ఈయన ముందుగా ముక్క తిప్పి చూస్తాడు.