బోరు వంతు, ఓడ కాయిదా

మా ఆయన పరశురాం బోరు నీళ్లు పందెంలో పెట్టి ఓడిపోయి వచ్చాడు. డబ్బు కాదు, బంగారం కాదు, నీళ్లు! ఇలాంటి మొగుడు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంకెవరికైనా ఉంటే చూపించండి, వెళ్లి ఆవిడ కాళ్లకు మొక్కుతాను.

అసలు సంగతి మొదటి నుంచీ చెబుతాను. మాకూ, మా ఆయన అన్న దేవేందర్ బావకూ కలిపి నాలుగెకరాల చేను. మధ్యలో గట్టు. ఆ గట్టు మీద మా మామ బాలనర్సింహ వేయించిన ఒకే ఒక్క బోరు. ఒకరోజు బావ వంతు, ఒకరోజు మా వంతు. ఔటర్ రింగు రోడ్డు పడుతోందని తెలిసిన దగ్గర్నుంచి సాగర్ రోడ్డు మీద ఎవరికీ కాలు నిలవడం లేదు. నిన్న జొన్న కోసిన చేలో ఇవాళ తెల్ల రాళ్లు పాతుతున్నారు. బావ కూడా సేద్యం మానేసి మన్నెగూడలో ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో పడ్డాడు. తన రెండెకరాల్లో రాళ్లు పాతేశాడు. అయితే కొనేవాళ్లకు రెండెకరాలు చాలవట, నాలుగూ కలిపి ఇస్తేనే తీసుకుంటారట. నేను ఇవ్వనంటే ఇవ్వనన్నాను, మా సగంలో బంతిపూలు పండిస్తానన్నాను. ఇంట్లో పెద్ద రభస అయింది. చివరికి మామ తేల్చేశాడు.

"ఈ దసరాకు నీ బంతి చేతికొస్తే మీ సగం జోలికి ఎవ్వడు రాడు. రాకుంటే మాత్రం నోరు మూసుకొని సంతకం పెట్టాలె."

సరేనన్నాను. రెండెకరాల్లో బంతి వేశాను. నారు పోసింది నేను, నాటింది నేను, కలుపు తీయించింది నేను. మా ఆయన అప్పుడు ఏ సముద్రం మీద ఉన్నాడో దేవుడికే తెలియాలి. సరుకు ఓడలో బోసన్ అనే మేస్త్రీ కింద డెక్కు పని ఆయనది. తొమ్మిది నెలలు నీళ్ల మీద, మూడు నెలలు ఇంట్లో. పైరు మొగ్గ మీదికి వచ్చేసరికి వాన మొహం చాటేసింది, ఈయన సెలవు మీద దిగాడు. రెండూ ఒకే వారంలో జరిగాయి. బోరు నీళ్లు అందినంత కాలం నాకు భయం లేదనుకున్నాను.

ఓడలో తీరిక దొరికితే వీళ్లు ఏం చేస్తారో మా ఆయన చెప్పగా చెప్పగా నాకు కంఠతా వచ్చేసింది. క్యారమ్స్ ఆడతారు, చూసిన సినిమానే మళ్లీ చూస్తారు, ఫిలిప్పీన్స్ వాళ్లు మైకు పట్టుకుని పాడుతుంటే వింటారు. ఆ తర్వాత పేకాట, ఈయన మాటల్లో పత్తాలు. డబ్బు పెట్టి ఆడితే కంపెనీ ఊరుకోదు, దొరికితే ఇంటికి పంపేస్తారు. అందుకని వీళ్లు వంతులు పెట్టి ఆడతారు. తెల్లవారుజామున కాపలా కాసే వంతు, గిన్నెలు కడిగే వంతు, బట్టలుతికే మిషను వంతు, ఇంటికి ఫోన్ చేసుకునే వంతు. ఓడినవాడి వంతు పోవడమే కాదు, గెలిచినవాడి పని కూడా వాడే చేయాలి, అది ఓడ కాయిదా, అంటే కట్టుబాటు. ఎగ్గొట్టినవాడిని మళ్లీ ఆటలో కూర్చోనివ్వరు. అన్నం బల్ల దగ్గర కూడా వాడితో ఎవరూ మాట్లాడరు. నడిసముద్రంలో అంతకు మించిన శిక్ష లేదంటాడు.

"నేను ఒక్క రూపాయి పోగొట్టలే సునంద. ఒక్కనాడు మాట తప్పలే. నా మాటంటే ఓడల అందరికి గురి," అని ఛాతీ విరుచుకుని చెబుతాడు.

ఆ గురి ఎంత ముచ్చటైనదో ఈసారి సెలవులోనే తెలిసింది. పక్కింటి మణెమ్మత్త వచ్చి, "సింగపూర్ ఎట్లుంటది బిడ్డా?" అని అడిగింది. ఈయన అద్దాల మేడలనీ, రోడ్డు మీద ఎంగిలి వేస్తే జరిమానా అనీ అరగంట చెప్పాడు. ఆమె నోరు తెరుచుకుని విని వెళ్లిపోయాక, నువ్వు ఏ బజార్లో తిరిగావు, నాకేం తెచ్చావని అడిగాను. తల గోక్కున్నాడు.

"రేవుల ఓడ ఆగినప్పుడు నిచ్చెన కాడ ఒకడు కావలి ఉండాలె గదా. నేను పత్తాలల్ల ఓడిన. వాళ్లు బజారుకు పోయిండ్రు, నేను నిచ్చెన కాడ నిలవడ్డ."

"మరి డర్బన్?"

"అది గూడ గంతే."

"కొరియా?"

"ఆడ గెలిచిన గని, వాన కొట్టింది."

నా ఖర్మ! దేశాలు తిరిగిన మొగుడని నేను నలుగురిలో చెప్పుకుంటుంటే, ఈయన దేశదేశాల నిచ్చెనలు చూసి వచ్చాడు. ఆ రోజు మాత్రం నవ్వాను. ఓడిపోయింది ఆయన షికారే కదా, నాదేం పోయింది అనుకున్నాను.

మూడోరోజు నుంచి ఇంట్లో కాలు నిలవలేదు ఆయనకు. చేలోకి రా అంటే నడుము నొప్పి. మన్నెగూడలో బావ వాళ్ల ఆఫీసు రేకుల షెడ్డులో మాత్రం పొద్దస్తమానం కూర్చోగలడు. అక్కడ ప్లాట్ల బేరగాళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక పేక పరుస్తారు. వెళ్లొద్దని మొత్తుకున్నాను.

"నేను పైసలు పెడ్తనా ఏంది? జర టైంపాస్," అన్నాడు.

మా బావ తెలివైనవాడు. తమ్ముడి ఓడ కబుర్లన్నీ విన్నాడు. విని ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం, "పైసలు నాకూ వద్దురా తమ్మీ. మీ ఓడ కాయిదాతోనే ఆడుదాం, వంతులు పెట్టుకుందాం," అన్నాడట. ఈయనకు అంతకన్నా ఏం కావాలి? ఓడ మీది ఆట ఊళ్లో దొరికిందని మురిసిపోయి బోరు వంతు పెట్టాడు. పోయింది. దాన్ని తిరిగి రాబట్టాలని మరో వంతు పెట్టాడు. అదీ పోయింది. షెడ్డులోంచి లేచేసరికి దసరా దాకా మా వంతులన్నీ బావ ఒళ్లో పోసి వచ్చాడు.

ఆ సంగతి నాకు ఎలా చెప్పాడనుకున్నారు? సాయంత్రం కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలికగా చెప్పాడు.

"రేపటి సంది అన్న చేన్ల నీళ్లు నేను కట్టాలె. ఓడినోడే గెలిచినోని పని చెయ్యాలె గదా."

"అన్న చేన్ల ఏమున్నదయ్యా? రాళ్లున్నయి. రాళ్లకు నీళ్లు పెడ్తవా?"

"కొననీకి వచ్చేటోళ్లకు బోరు మస్తు పోస్తదని చూపెట్టాలెనంట."

"మరి మన బంతి?"

అప్పుడు చూశాను ఆయన మొహం. బంతి సంగతి ఆ క్షణం దాకా ఆయన బుర్రలోకి రానేలేదు. వంతు అంటే తన నిద్ర, తన షికారు, తన ఫోను. తన వంతు మీద ఇంకొకరి బతుకు ఆనుకుని ఉంటుందని ఈ మనిషికి ఓడలో ఎవరూ నేర్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న చాయ్ గిన్నె నేలకేసి కొట్టాను.

"పో! పోయి చెప్పు మీ అన్నకు. ఉత్తగ ఆడిన, ఇచ్చేది లేదని చెప్పు."

"గట్లెట్ల సునంద? మాట ఇచ్చిన."

"నాకియ్యలేదా మాట? పెండ్లినాడు ఏడడుగులు నడిచింది ఎవనితోని, మీ బోసన్ తోనా?"

అరిచినా, ఏడ్చినా, తిట్టినా అదే మాట. మాట ఇచ్చిన, మాట ఇచ్చిన. గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలి ఉండేదేమో.

పొద్దున్నే మామ దగ్గరికి వెళ్లాను. మంచం మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. జరిగింది చెప్పాను.

"వాడు ఒప్పుకున్నడా?" అని అడిగాడు.

"ఒప్పుకున్నడు."

"మరి నన్నేం జెయ్యమంటవమ్మా? వాని నోటితోని వాడే ఇచ్చిండు. వాడు కాదంటే చెప్పు, అప్పుడు మాట్లాడుత."

"చేను ఎండుతది మామా."

"ఎండితే సంతకమే గదా," అని ఉమ్మేసి లోపలికి వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో మగవాళ్లందరికీ మాట మీద ఎంత గౌరవమో! ఆడదాని కష్టం మీద మాత్రం ఒక్కడికీ లేదు.

ఇంట్లో కొళాయి నీళ్లు బిందెలతో మోసుకెళ్లి పోశాను. రెండెకరాలకు బిందె నీళ్లు! ఒక్క సాలు తడిసేసరికి నా నడుము విరిగింది. అవతల గట్టు పక్కన మా ఆయన పార పట్టుకుని బావ రాళ్ల మధ్య నీళ్లు పారిస్తున్నాడు. నా వైపు చూడడు. కరెంటు ఉన్నంతసేపూ బోరు కక్కుతూనే ఉంది, తెల్ల రాళ్లు స్నానం చేస్తూనే ఉన్నాయి. అలా వంతు మీద వంతు పోయింది. మొదట కింది ఆకులు పండాయి. తర్వాత మొగ్గలు మెడలు వాల్చాయి. ఇంకొక్క తడి తప్పితే దసరాకు ఒక్క పువ్వు కూడా విచ్చదని కూలికి వచ్చే యాదమ్మ తేల్చి చెప్పింది. చెప్పకపోయినా నాకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం బావ కారులో ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకాయన నల్లద్దాలు పెట్టుకున్నాడు, ఇంకొకాయన బురద అంటకుండా ప్యాంటు మడిచాడు. బావ బోరు వైపు చెయ్యి చూపించి, "సూడుండ్రి సార్, ఎండల గూడ ఎట్ల పోస్తుందో!" అంటున్నాడు. నా వాడిపోయిన చేను చూపించి, "అది గూడ మనదే, దసరా అయినంక కలుస్తది," అన్నాడు.

కలుస్తదా! అంతే, ఇక నాకేం కనబడలేదు. గట్టెక్కి నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్లి ఆయన చేతిలోంచి పార గుంజుకున్నాను.

"సునంద, ఏం జేస్తున్నవే?"

"పత్తాలు ఆడింది నువ్వు, నేను ఆడలే. జరుగు!"

గట్టుకు గండి కొట్టాను. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. నీళ్లు గిరుక్కున నా చేలోకి తిరిగాయి. మొదటి సాలు తాగింది, రెండో సాలు తాగింది. అటు రాళ్ల మధ్య పారే కాలువ సన్నబడి ఆగిపోయింది. కారు దగ్గర నిలబడ్డ పెద్దమనుషులు అది చూస్తున్నారు. బావ చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో పరుగెత్తుకు వచ్చాడు.

"ఎవరు కొట్టిండ్రు గండి?"

పార నా చేతిలోనే ఉంది. నోరు తెరిచాను. ఇంకా మాట రాకముందే మా ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు.

"నువ్వా? మాట ఇచ్చి?"

"అవ్. ఇచ్చిన, తప్పిన. ఇయ్యాల్టి సంది నా వంతు నాకే కావాలె."

బావ ఆ పెద్దమనుషులకు వినబడేలా అరిచాడు. "థూ! మాట మీద నిలవడనోడు మనిషేనారా? మన్నెగూడ కాడికెల్లి పట్నం దాక చెప్త, నీతోని ఎవ్వడు పత్తాలాడడు!"

"చెప్పు అన్నా. ఓడల గూడ నేనే చెప్త."

బావ ఇంకేవో తిట్లు తిట్టుకుంటూ వెళ్లి కారెక్కాడు. పెద్దమనుషులు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. దుమ్ము లేపుకుంటూ కారు రోడ్డు పట్టింది.

నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. కోపమే వచ్చింది. అన్నాళ్లు మొగ్గలు ఎండుతుంటే నోరు విప్పనివాడు, తీరా నేను పార పట్టాక తనే కొట్టానని చెబుతాడా?

"కొట్టింది నేనైతే నువ్వెందుకు చెప్పినవ్?" అని మీదికి వెళ్లాను.

"నువ్వు కొట్టినవంటే, తమ్ముని మాట నిలవడ్డది, పెండ్లామే అడ్డం పడ్డదని అన్న పొద్దుగాల్ల బాపు ముంగట పంచాయతి పెడ్తడు. నీళ్లు మళ్లా అటే తిప్పుతరు. మాట ఇచ్చినోడే తప్పిండనుకో, ఇగ ఎవ్వన్ని అడుగుతరు?"

ఇన్నేళ్లలో ఆ మనిషి తనదని చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. నిద్ర పోగొట్టుకున్నాడు, ఊళ్లు పోగొట్టుకున్నాడు, దాన్ని మాత్రం పోగొట్టుకోలేదు. ఇవాళ అన్న ముందు, ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు, దాన్ని నా బంతి సాళ్లలో పారేశాడు. మోకాళ్ల దాకా బురదలో నిలబడి చేతి వెనుకతో కళ్లు తుడుచుకుంటున్నాడు. దగ్గరికి తీసుకోవాలనిపించింది, రెండు తగిలించాలనిపించింది. ఏది ముందు చేయాలో నాకే తెలియలేదు.

బోరు వైపు చూశాను. కరెంటు ఇంకెంతసేపు ఉంటుందో తెలియదు. పార ఆయన చేతిలో పెట్టాను.

"ఏడ్చింది చాలు. ఆ ఆఖరి సాళ్లకు ఇంకా నీళ్లు అందలే. పో, పోయి మలుపు."

వెళ్లాడు.