చెక్క చెయ్యి

హమాజి కుడిచేతి వేళ్లు రెండు పోయిన రోజు అంబులెన్సు రాలేదు. మేస్త్రీ నిషివాకి తన సొంత కారు తెచ్చి, సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, అతన్ని ఎక్కించుకుపోయాడు. అంబులెన్సు వస్తే గేటు దగ్గర రాసుకుంటారు. రాసుకుంటే గోడ మీది ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డు మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి. రేకులు నొక్కే పక్క ప్రెస్సు మీద పనిచేసే తమయో అంతా చూసింది. నేల కడిగింది కూడా ఆమే.

ఇంట్లో తలుపు సందున పడి నలిగాయని ఆసుపత్రిలో హమాజి చేతే చెప్పించారు.

గాయం మానాక అతను ప్రెస్సు దగ్గరికి రాలేదు. కవాసాకి కాలువకు ఇవతల ఫ్యాక్టరీ, అవతల పరిశోధన భవనం, మధ్య ఒక ఇనుప వంతెన. హమాజి ఆ వంతెన దాటిపోయాడు. తలమీద కాంట్రాక్టు మనుషుల బూడిదరంగు టోపీ పోయి పర్మనెంటు వాళ్ల నీలం టోపీ వచ్చింది.

మధ్యాహ్నం తమయో వాళ్లు కాలువగట్టున అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు, అవతలి ఒడ్డున బెంచీ మీద నీలం టోపీ కనబడేది.

“రెండు వేళ్లకు ఒక టోపీ. బేరం బాగానే కుదిరింది,” అన్నాడు ఒకరోజు తోటి కాంట్రాక్టు మనిషి ఒగురో, ఊరగాయ ముల్లంగి కొరుకుతూ. “నాకింకా పదున్నాయి. కొంటారేమో అడగండి.”

అందరూ నవ్వారు.

“నోరు కడుక్కో,” అంది తమయో.

కాని ఆమె సగం తిన్న డబ్బాకు మూత పెట్టేసింది. రేపు రావద్దని ఇక ఎవరూ హమాజితో అనరు. ఆమె ఒప్పందం మార్చితో ముగుస్తుంది. పొడిగిస్తారో లేదో ఏటా ఫిబ్రవరి చివరిదాకా చెప్పరు. పన్నెండేళ్లుగా అంతే. వాడికెందుకు, నాకెందుకు కాదు అని మనసు రాపాడేది. అసూయకు సిగ్గుండదు.

ఆ మధ్యాహ్నమే అది జరిగింది. అచ్చు కింద రేకు పెట్టిన చెయ్యి వెనక్కి రావలసినంత త్వరగా రాలేదు. చూపుడువేలు, నడిమివేలు అక్కడే ఆగిపోయాయి. సంతలో వస్తువు బేరం చేసినట్టు ఆమె వాటిని చూసింది. తర్వాత అచ్చును దించే పెడలు మీంచి కాలు తీసేసింది.

“ఏం తమయో గారూ, కునుకా?” అన్నాడు నిషివాకి.

“కాదు. భయం.”

సాయంత్రం ఆమె వంతెన చివర నిలబడి హమాజిని ఆపింది.

“తమ్ముడూ, నువ్వు పోగొట్టుకున్నదాన్ని చూసి కుళ్లుకున్నాను. నీ ముఖం మీదే చెప్పాలనిపించింది.”

హమాజి వంతెన కమ్మికి ఆనుకున్నాడు. “నా పనేంటో తెలుసా అక్కా? చెక్క చెయ్యి ఒకటిచ్చారు. దాన్ని యంత్రం కింద పెట్టాలి. చెయ్యి దగ్గరకొస్తే యంత్రాన్ని ఆపేసే కన్ను ఒకటి కనిపెట్టారు. అది పనిచేస్తోందో లేదో పొద్దస్తమానం చూస్తుంటా. ఇంతవరకూ ఆ చెక్కకు గీత పడలేదు.”

“మన ప్రెస్సులకు పెట్టరా?”

“పాతవట, దండగట. ఆ కన్ను బయట అమ్ముకోడానికేనట.”

తమయోకు మళ్లీ అసూయ పుట్టింది. ఈసారి చెక్కముక్క మీద.

స్టేషను వెనక నిలబడి తాగే దుకాణంలో ఆమె ఈ మాటలన్నీ చెప్పింది. తన చెయ్యి ఎక్కడ ఆగిందో కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఒగురో గ్లాసు కింద పెట్టాడు.

“నాదీ ఆగింది,” అన్నాడు. “రెండుసార్లు. ఇక హమాజి సంగతి బయటపెట్టాల్సిందే.”

నీలం టోపీ షిరోతా మూలనుంచి గొణిగాడు. “బోర్డు సున్నాకొస్తే మా బోనసు కోస్తారు. మీ గొడవకు మేమెందుకు నష్టపోవాలి?”

“నీ టోపీ చూసి మేం ఏడవాలి. మా నోరు చూసి నువ్వు వణకాలి. కంపెనీ వాళ్లకు కావలసిందదే కదా అన్నా?” అంది తమయో. “నీ ప్రెస్సుకు కన్నుందా?”

షిరోతా ఇంకో గ్లాసు తెమ్మన్నాడు. వెళ్లిపోలేదు.

మర్నాడు పొద్దున, పనికి ముందు అందరూ వరసల్లో నిలబడి చేసే వ్యాయామం పాట అయిపోయింది. నిషివాకి ఎప్పటిలాగే బోర్డు వైపు వేలు చాపి, “ఈ రోజూ ప్రమాదం సున్నా,” అన్నాడు. అందరూ వేలు చాపి “సరే” అనాలి. ఎవరూ అనలేదు.

వెనక వరసలో తమయో కుడిచెయ్యి ఎత్తింది, రెండు వేళ్లు మడిచి. ఒగురో ఎత్తాడు. బూడిదరంగు టోపీల మీద చేతులు ఒకటొకటిగా లేచాయి, అన్నీ రెండేసి వేళ్లు మడిచినవే. ముందు వరసల నీలం టోపీలు వెనక్కి తిరగలేదు. చాలాసేపటికి షిరోతా చెయ్యి లేచింది.

“దించండి,” అన్నాడు నిషివాకి. “ఎవరికి చూపిస్తున్నారు?”

“నాకు,” అన్నాడు హమాజి. అతను వంతెన దాటి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చంకలో చెక్క చెయ్యి. దాన్ని తెచ్చి మేస్త్రీ కాళ్ల దగ్గర పెట్టి, తన చెయ్యి ఎత్తాడు. అతను ఏ వేలూ మడవనక్కర్లేకపోయింది.

“నావి తలుపు సందున నలగలేదు,” అన్నాడు. “ఈ ప్రెస్సు కింద నలిగాయి.”

ఆ రోజు మధ్యాహ్నందాకా ఒక్క ప్రెస్సూ తిరగలేదు.

కార్మిక శాఖ వాళ్లు వచ్చి హమాజి మాట రాసుకున్నారు. బోర్డు సున్నాకు వచ్చింది. నీలం టోపీల బోనసు కోశారు. అయినా కాంట్రాక్టు మనుషులు పెట్టుకున్న సంఘం సమావేశాలకు షిరోతా వస్తున్నాడు. తమయో ఒప్పందాన్ని కంపెనీ పొడిగించలేదు. ఆమె పొద్దున్నే గేటు బయట నిలబడి చెయ్యి ఎత్తుతుంది. లోపలికి పోయేవాళ్లు ఎత్తి బదులిస్తారు.

ప్రెస్సులకు ఆ కన్ను ఇంకా బిగించలేదు.