ముందు సీటుకు తాడు

ఘనికి ఆ పని మొదటి రోజు నుంచే రోతగా ఉంది. మదనపల్లెలో బస్సు ఇంజన్లు బాగుచేసుకుని బతికేవాణ్ని పుంగనూరు చెరువుగట్టుకు పిలిపించాడు కంట్రాక్టరు జయచంద్ర. యుద్ధం ముగిశాక పటాలం వదిలేసిన సామాన్లు మద్రాసులో వేలం వేస్తే, ఆయన ఒక చిన్న పడవనూ, దాని వెనక తగిలించే ఇంజన్నూ కొనుక్కొచ్చాడు. కారు ఎవడైనా కొంటాడు, మోటారు పడవ ఎవడికుంది అని ఆయన గొప్ప.

ఆ ఇంజను అంటుకోవాలంటే వెనక ఒక మనిషి కూర్చుని, పైనున్న చక్రానికి తాడు చుట్టి గట్టిగా లాగాలి. ఆ మనిషి మునిరత్నం. ఒకప్పుడు ఆ చెరువులోనే చేపలు పట్టుకుని బతికాడు. చేపల వేలంపాట జయచంద్ర పాడేసుకున్నాక వలకు పని లేక, తాడు లాగే కూలికి కుదిరాడు. ఈ కూలి పోయిందంటే ఇక అతని పొయ్యిలో పిల్లి పడుకోవాల్సిందే.

మొన్న కుప్పం నుంచి జయచంద్ర వియ్యపురాలు సుశీలమ్మ వచ్చి పడవెక్కింది. దిగేదాకా ముక్కు మీంచి కొంగు తీయలేదు.

"వాడి కాడ నీచు కంపప్పా," అన్నాడు జయచంద్ర ఘనితో. "నేను ముందు సీట్లో కూసోనే ఇంజను అంటించేటట్టు చెయ్యి. వాడు పడవెక్కకూడదు."

"మరి ఎనక పిడి పట్టుకోని పడవను తిప్పేదెవరు సామీ?"

"యాడికి తిప్పేది? చెరువేమన్నా సంతపేట సందా? వాడు లాగేది తాడొక్కటే గదా. చెప్పింది చెయ్యి."

తాడు లాగాక మునిరత్నం ఎడమ చెయ్యి ఆ పిడి పట్టుకుని ఏం చేస్తోందో ఈ పెద్దమనిషి ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. ఘని కాదని వెళ్లిపోదామంటే, మదనపల్లెలో తను బాగుచేసే బస్సుల్లో సగం ఈయనవే.

ఇంజను చక్రం మీద సైకిలు ఫ్రీవీలు బిగించాడు. దానికి గొలుసు, గొలుసుకు తాడు, ఆ తాడు పడవ అంచు వెంట కప్పీల మీదుగా ముందు సీటు దాకా. లాగి వదిలితే మళ్లీ వెనక్కి చుట్టుకునేందుకు ఒక స్ప్రింగు. వేగం పెంచడానికీ తగ్గించడానికీ సైకిలు బ్రేకు తీగ. పని ముద్దొచ్చేలా కుదిరింది. అందుకే అతనికి తన చేతుల మీద మరింత అసహ్యం వేసింది.

గట్టున కూర్చుని చూస్తున్న మునిరత్నం అడగకుండానే వచ్చి కప్పీ పట్టుకున్నాడు.

"నీ నోటికాడ కూడు తీస్తాండానన్నా," అన్నాడు ఘని.

"తెలుసు సాయిబూ. ఈ మేకు వదులుగా ఉండాది, సూడు."

ఆదివారం జయచంద్ర, సుశీలమ్మ దర్జాగా పడవెక్కారు. ఆయన తాడు లాగాడు. ఇంజను ఒక్క లాగుకే అంటుకుంది. దానికి గేరు లేదు, అంటుకుందంటే పడవ పరిగెత్తాల్సిందే. తిప్పే దిక్కు లేని పడవ, ఊరి మురుగంతా వచ్చి కలిసే మూలకు నేరుగా దూసుకుపోయింది. కంగారులో జయచంద్ర వేగం తగ్గించబోయి పెంచాడు. పడవ బురదలో ముక్కు గుచ్చుకుని ఒరిగింది, ఇద్దరూ గుండె లోతు మురుగులో పడ్డారు.

మునిరత్నం అప్పటికే గట్టు మీంచి నీళ్లలో దూకాడు. సుశీలమ్మను భుజానికెత్తుకున్నాడు. మొన్న ముక్కు మూసుకున్న మనిషే ఇప్పుడు రెండు చేతులా అతని మెడ కావిలించుకుంది. ఆమెను దించి, మళ్లీ వెళ్లి జయచంద్రను చెయ్యిపట్టి లాక్కొచ్చాడు.

కాళ్లు గట్టున ఆనాయో లేదో, "అయ్యో, వాడు తాకినాడే! నీచు, నీచు! పసుపునీళ్లు తెండి!" అని కేకలు పెట్టింది సుశీలమ్మ. ఊరి మురుగు ఒంటినిండా కారుతుంటే ఆ తల్లికి కంపు కొట్టింది మునిరత్నం చెయ్యి! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఘని "థూ" అని ఉమ్మాడు. ఎవరు చూసినా సరేననుకున్నాడు.

జయచంద్ర కూడా బిందెలకు బిందెలు నీళ్లు కుమ్మరించుకుంటూ, "ఘనీ, ఆ తిప్పే పిడి గూడా ముందరికి తెచ్చెయ్యి," అన్నాడు. "అందాకా, ఒరే మునిరత్నం, నువ్వే కూసో. సబ్బు రుద్దుకోని రా."

"నేను రానప్పా."

"యాల?"

"నన్ను పట్టుకోని గట్టెక్కినోళ్లు నా ముందరే ఒళ్లు కడుక్కుంటాండారు. నేనూ ఇంటికి పోయి కడుక్కోవల్ల. మీరు నన్ను ముట్టుకున్నారు గదా."

తడిబట్టలతోనే మునిరత్నం గట్టు దిగాడు. ఘని తన సామాన్ల సంచీ భుజాన వేసుకుని, పిడి మాటెత్తకుండా అతని వెనకే నడిచాడు.