బాప్తిస్మానికి ముందటి భోజనం

మా ఆయన పైడన్న, ఒడిశా గంజాం వైపు హుమ్మ అనే ఊళ్ళో మా చిన్న తెలుగు సంఘానికి పెద్ద. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి సంఘంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో మాత్రం బాగా తెలుసు. ఆయన పెట్టిన నియమాల్లో సగం నాకు గిట్టవు. ఒక్కదానికి మాత్రం నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళు ముందురోజు మధ్యాహ్నం సంఘంతో ఒకే పంక్తిలో కూర్చుని మేం వండిందంతా తినాలి, మాంసంతో సహా. తినకపోతే మర్నాడు నీళ్ళలో ముంచడానికి ఋషికుల్య ఏటికి తీసుకెళ్ళడు.

దానికి కారణం ఉంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పైకులాలవాళ్ళు రెండు కుటుంబాలు ప్రభువును నమ్ముకుని మా దగ్గరికి వచ్చారు. మొదట మాకు మాంసం పడదు, పప్పు చాలన్నారు. సరేనన్నాం. కొన్నాళ్ళకి ఆ పప్పు కూడా ఇంటినుంచే క్యారేజీలో తెచ్చుకుని కిటికీ పక్కన వేరే కూర్చోవడం మొదలుపెట్టారు. మేం ఉప్పుమళ్ళలో పనిచేసే జనం. మా చేతి నీళ్ళు ఎవరు తాగరో మాకు చిన్నప్పుడే తెలుసు. దేవుడి ఇంట్లో కూడా అదే చూడాల్సి వచ్చాక మా ఆయన ఈ నియమం పెట్టాడు.

ఈసారి బాప్తిస్మానికి సిద్ధమైన పిల్ల వాసవీకుమారి. బరంపురంలో పప్పుల టోకు వ్యాపారం చేసే కోమట్ల ఇంటి పిల్ల. వాళ్ళమ్మ పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మీద మా సంఘంలో కన్నమ్మ కొడుకు ఉండేవాడు. కన్నమ్మ తన కొడుకు కోసం చేసే ప్రార్థనలో ఆ తల్లినీ కలుపుకునేది. కొడుకు బతికాడు, ఆ తల్లి పోయింది. ఇంక ఆ పిల్ల మా దేవుడి పేరెత్తదనుకున్నాం. కానీ ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చింది. సంగతి తెలిసి తండ్రి గుమ్మం తొక్కొద్దన్నాడు. అప్పటినుంచీ ఆ పిల్ల కన్నమ్మ ఇంటి పెరటి గదిలో ఉంటూ గంజాంలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. మేం కూడా కాదంటే దానికి మరో చోటు లేదు.

అయితే ఒక ముల్లు ఉండిపోయింది. ఆ పిల్ల తన వంట తనే చేసుకునేది. కన్నమ్మ గిన్నెల్లో ఎప్పుడూ చేపలే కదా, అందుకని. కన్నమ్మ ఇచ్చిన టీ తాగేది. "టీ ఎవులైనా తాగుతారు, కూడు తినమను సూద్దాం" అనేవాళ్ళు మా ఆడవాళ్ళు. కన్నమ్మ పైకి నవ్వేసేది. లోపల గుచ్చుకునే ఉంటుంది.

కొడుకు లేచి తిరిగితే సంఘానికి విందు పెడతానని కన్నమ్మ మొక్కుకుని ఒక మేకపోతును పెంచింది. ఆ విందు వాసవి బాప్తిస్మం భోజనానికే పెట్టాలనుకుంది. ఆ మేకపోతేమో పిల్లకి మాలిమైపోయింది. బడినుంచి రాగానే పనసాకులు తెచ్చి చేత్తో తినిపించేది. అది గడప దాటి గదిలోకి వెళ్ళి చీర చెంగు నమిలినా ఏమనేది కాదు. "నా పేరు చెప్పి దాన్ని కొయ్యొద్దమ్మా" అని కన్నమ్మను బతిమాలింది. వాళ్ళ కులానికి మాంసం అలవాటు లేదు, నెమ్మదిగా అదే అలవాటవుతుందిలే అనుకుంది కన్నమ్మ.

శనివారం ఒంటిపూట బడి. పిల్ల వచ్చేసరికి గుంజ దగ్గర తాడు ఒక్కటే ఉంది. ఆ తాడు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయిందట. మందిరానికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. చూసినవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

మా ఆయన ప్రార్థన చేశాడు. కన్నమ్మ వాసవి పక్కనే కూర్చుని పప్పన్నం కాస్త తిని, కూర గిన్నె రాగానే ఎంగిలిచెయ్యి వెనక్కి పెట్టుకుని లేచింది. ఎడమచేత్తో గరిటె అందుకుని, కార్జం ముక్క వెతికి మరీ పిల్ల పళ్ళెం దగ్గరికి తెచ్చింది. ఆ ముక్క తన కొడుక్కి కూడా వెయ్యలేదు. వాసవి పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా."

కన్నమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నా సేతిది నీకు పనికిరాదేటే?"

"అది కాదమ్మా. దానికి నా చేత్తో ఆకు పెట్టాను. నేను తినలేను."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "సూడమ్మా, ఇదివరకొచ్చినోళ్ళూ ఇలాగే మొదలెట్టినారు. మాంసం పడదన్నారు, ఆనక మా పప్పూ పడలేదు, ఆకరికి మేమే పడలేదు. వాక్యంలో అన్నీ తినొచ్చనే ఉంది."

"తినొచ్చని ఉంది పెదనాన్నా. తినకపోతే పాపమని లేదు కదా."

"మరైతే రేపు ఏటికి రానక్కరనేదు."

నాకు మా ఆయన మీద ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీదా మండింది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే ఏం పోయింది, ఇల్లే పోగొట్టుకుని వచ్చినదానికి అనుకున్నాను.

వాసవి లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. పక్కకు జరిగి కన్నమ్మ వదిలిన పళ్ళెం ముందు కూర్చుంది. అందులో కన్నమ్మ వేళ్ళతో కలిపి, సగం తిని, సగం వదిలిన పప్పన్నం ఉంది. దాన్ని ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకో ముద్ద తీసుకుంది. పక్కనున్న కన్నమ్మ గ్లాసెత్తి, అంచు కరిచి నీళ్ళు తాగింది.

కన్నమ్మ ఎంగిలి కన్నమ్మ కొడుకు తప్ప ఇంకెవరూ తినలేదు. మా కులంలోనే పక్కింటివాళ్ళు కూడా తినరు. నేనూ తినలేదు.

"మీలో ఎవరి పళ్ళెంలోనైనా తింటాను పెదనాన్నా," అంది వాసవి. ఏడుస్తూనే అంది. "మా ఇంట్లో ఉన్నప్పుడు కులం కోసం తినలేదు. ఇప్పుడు అందుకు కాదు. ఆసుపత్రిలో మా అమ్మ మూలుగుతుంటే, మన ప్రభువు నొప్పి ఎరిగినవాడని కన్నమ్మమ్మే నాకు చెప్పింది. ఆ మాట నమ్మే వచ్చాను. నొప్పి మేకకీ ఉంటుంది కదా."

మా ఆయన తన పళ్ళెం పక్కకు జరిపి, "పొద్దున్నే తయారుగుండమ్మా, ఏటికెల్దాం" అన్నాడు.

కన్నమ్మ గరిటె గిన్నెలో పడేసి పిల్ల పక్కన కూలబడింది. రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పయిపోనాదే తల్లీ. నువ్వు సెప్తానే ఉన్నావు, నాను కులమనుకున్నాను. నన్ను సెమించీయే."

వాసవి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

"నన్ను అడగక్కర్లేదమ్మా," అంది. "నువ్వు అడగాల్సింది దాన్ని. అది లేదు."