ఇంకో పేరు చెప్పు

కోత పడ్డ తెల్లకార్డుల జాబితా పంచాయతీ ఆఫీసు గోడకి అంటించిన రోజున అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డవాడు జోజి. నిలబడడా మరి? ఆ జాబితా తెప్పించిందే అతను. దొంగ కార్డులు ఏరిపారెయ్యమని రెండేళ్లపాటు అర్జీలు రాశాడు, మండలాఫీసు మెట్ల మీద మూడుసార్లు బైఠాయించాడు. కూలీల సంఘంలో ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న మనిషి. ఐదో తరగతి దాటలేదు గానీ జోజి రాసిన అర్జీ అంటే ఎమ్మార్వో కూడా కళ్లజోడు తుడుచుకుని చదవాల్సిందే.

అతను వెతికింది ఒక్క పేరు కోసం. అమ్మిరాజు. ఎనిమిదెకరాల కొబ్బరి తోట, ఉప్పలగుప్తం దారిలో రెండు రొయ్యల చెరువులు ఉన్న ఆసామి. నెలనెలా డిపోలో తెల్లకార్డు మీద కోటా బియ్యం తెప్పించుకుని బాతులకి వేస్తాడు. ఊళ్లో ఇది తెలియనివాడు లేడు.

జాబితాలో అమ్మిరాజు పేరు లేదు. జోజి పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. పద్నాలుగో పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

జ్ఞానమ్మ. వితంతువు. కారణం: శ్లాబు ఇల్లు, ఫ్యాను, కుర్చీలు నాలుగు.

జ్ఞానమ్మ జోజికి సొంత అక్క.

ఆమెకి అరవై దాటాయి. మోకాళ్లు అరిగి ఊడ్పులకి దిగడం మానేసి నాలుగేళ్లయింది. కొబ్బరి పీచు తాడు పేనుతుంది. చనిపోయిన కూతురి పిల్ల ఏంజెల్‌ని సాకుతోంది. వానాకాలంలో పీచు ఎండదు, తాడు పని ఉండదు. ఆ మూడు నెలలూ ఇద్దరి కడుపుల్లోకి వెళ్లేది కోటా బియ్యమే. ఆషాఢం ఇంకో ఇరవై రోజుల్లో ఉంది.

జోజి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె అరుగు మీద కూర్చుని తాడు పేనుతోంది.

"అక్కా, కార్డుల సర్వేకొచ్చిన బడి మాస్టారికి ఏం చూపించేవు?"

"ఏం చూపిస్తాను? మర్యాద చేసేను."

"ఏం మర్యాద?"

"పాస్టరుగారొస్తే చెయ్యవూ, అదే."

జోజి అరుగు మీద కూలబడ్డాడు. పేటలో పాస్టరుగారు ఇంటి ప్రార్థనకి వస్తున్నారంటే ముందురోజే హడావిడి మొదలవుతుంది. మందిరం నుంచి కుర్చీలు వస్తాయి, బల్ల మీదికి తెల్లగుడ్డ వస్తుంది, ఎవరింట్లో ఫ్యాను ఉంటే ఆ ఫ్యాను ఊడొస్తుంది. ఏ ఇంటికి పాస్టరుగారొస్తే ఆ ఇంట్లో ఆ పూటకి లేనిదంటూ ఉండదు. మర్నాడు ఎవరివి వాళ్లకి వెళ్లిపోతాయి. ఇది తాతలనాటి పద్ధతి. ఇందులో దొంగతనం ఏమీ లేదు.

"కప్పూ సాసరూ కూడా పెట్టేవా?"

"పెట్టకేం? బెంజమిన్ మాస్టారంటే చదువుకున్నోరు. మన మందిరపోళ్లే, అమలాపురం సంఘం. గవర్నమెంటు మనిషి మన గడప తొక్కితే పీటేసి కూర్చోమంటానేట్రా?"

"ఆయన ఆ కుర్చీలు లెక్క రాసుకున్నాడే అక్కా!"

"రాసుకుంటుంటే చూసేను. ప్రార్థనకి పేర్లు రాసుకుంటున్నాడేమో అనుకున్నా."

జోజికి నవ్వు రాలేదు. ఇక ఇల్లు. తొంభై ఆరు తుపానుకి పాక ఎగిరిపోతే గవర్నమెంటే ఒంటిగది శ్లాబు కట్టించి ఇచ్చింది. ఇప్పుడు అదే గవర్నమెంటు వచ్చి నీకు శ్లాబుంది గనక నువ్వు పేదదానివి కాదంటోంది. పెట్టిన చేత్తోనే లెంపకాయ కొట్టడం అంటే ఇదే.

మరి అమ్మిరాజు? ఆయన మాస్టారిని మేడ దాకా రానివ్వలేదు. తోటలో కాపలావాడి కమ్మలపాక ముందు, తువ్వాలు కట్టుకుని, కొబ్బరి డొక్కల మీద కూర్చుని కనబడ్డాడు. తోట తల్లి పేరు మీద, చెరువులు బావమరిది పేరు మీద. "మాదేముందండి మాస్టారూ, రెక్కాడితే డొక్కాడే బతుకు" అన్నాడట. మంచినీళ్లు కూడా ఇవ్వలేదట. లేనట్టు కనబడటం కూడా ఒక విద్యే. అది ఉన్నవాడికి వచ్చినంత బాగా లేనివాడికి రాదు.

జోజి మర్నాడు మండలాఫీసుకి వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. నాలుగోరోజున ఆర్‌ఐ కుమారస్వామి విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. "సరేనయ్యా, శుక్రవారం వచ్చి నేనే చూస్తాను."

గురువారం సాయంత్రం జోజి అక్కకి పాఠం చెప్పాడు. చెబుతుంటే అతని నోరు అతనికే చేదుగా ఉంది.

"కూర్చోమనకు. మంచినీళ్లు ఇవ్వకు. ఆ నీలం చీర కట్టకు, చిరిగింది కట్టు. ఎన్ని పూటలు తింటున్నావంటే ఒక్క పూటని చెప్పు."

"ఒక్క పూట తింటన్నానని పరాయి మగాడితో చెప్పమంటావా?"

"చెప్పాలి."

"మన నాన్న బతికుంటే నిన్ను చెప్పు తీసుక్కొట్టేవోడు."

"కొట్టనీ. బియ్యం కావాలా, నాన్న కావాలా?"

ఆమె తాడు పేనడం ఆపేసింది.

శుక్రవారం పదకొండు గంటలకి కుమారస్వామి స్కూటరు దిగాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. జ్ఞానమ్మ చిరిగిన చీరతో గుమ్మంలో నిలబడింది. కూర్చోమనలేదు. నీళ్లు ఇవ్వలేదు. తల వంచుకుని రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆమెని అలా చూడలేక జోజి స్కూటరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్ని పూటలు తింటారమ్మా?"

జ్ఞానమ్మ తలెత్తింది. "మూడు పూటలండీ" అంది. "పిల్లకి గుడ్డు కూడా పెడతానండీ, ఆయ్."

కుమారస్వామి జోజి వైపు తిరిగాడు. "చూసేవా? ఆవిడే చెబుతోంది."

"తినకపోతే రాసుకోడానికి మీకు బాగుండేదాండీ?" జోజి గొంతు లేచింది. "గుమ్మంలో నిలబెట్టి నీ ఆకలి చూపించమంటే ఎవరు చూపిస్తారండీ? సిగ్గు లేనోడు చూపిస్తాడు. వాడి కార్డు నిక్షేపంలా ఉంది!"

"అరవకయ్యా. ఈ సర్వే నీ అర్జీ మీదే కదా వచ్చింది? ఇన్ని కార్డులు తియ్యమని పైనుంచి అంకె ఇచ్చేరు. తీసేం."

"అందరికీ ఇచ్చెయ్యండి. ఈ ఏరడాలు మానెయ్యండి. ఉన్నోడి దగ్గర పన్ను రూపంలో లాక్కోండి. చెరువులు కనబడతాయి, తోటలు కనబడతాయి. వాటికి చిరిగిన చీర కట్టలేరు కదండీ?"

"పన్ను నా పని కాదు. ఏరడమే నా పని." కుమారస్వామి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ మాటలో పొగరు లేదు, అలుపు ఉంది. "నువ్వన్నట్టు అందరికీ ఇస్తే బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయో నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. మీ పేటకి ఇన్ని కార్డులని అంకె ఉంది. ఈవిడ పేరు ఎక్కించాలంటే ఇంకోటి తియ్యాలి. పేరు చెప్పు."

"అమ్మిరాజు."

"ఆయనది పేట కాదు, ఊరు. పైగా కాయితాల మీద ఆయనకి సెంటు భూమి లేదు. ఇంకో పేరు చెప్పు."

ఈపాటికి పేట జనం చుట్టూ మూగారు. సుబ్బాయమ్మ ఉంది. ఆమె మొగుడు చెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడు. సూరమ్మ ఉంది. ఆమె ఇంట్లో టీవీ ఉన్న మాట నిజమే, కొడుకు సెకండు హ్యాండులో కొన్నాడు. జోజి చూపు సూరమ్మ మీద ఒక్క క్షణం ఆగింది. అది సూరమ్మకి తెలిసిపోయింది.

"ఏం జోజీ, నా టీవీ చెబుతావా?" అంది. "చెప్పు. చూడ్డానికైతే రోజూ మా ఇంటికే వస్తావుగా."

ఎవరో నవ్వారు. జోజి నవ్వలేదు. రెండేళ్లపాటు ఏరమని అర్జీలు రాసినవాడికి ఇప్పుడు నోట్లోంచి ఒక్క పేరు రావడం లేదు.

"ఎవరి పేరూ చెప్పకురా" అంది జ్ఞానమ్మ. "నేనెలాగో పడతాను."

"నా పేరు రాసుకోండి" అన్నాడు జోజి.

కుమారస్వామి రెండోసారి అడగలేదు. ఎండలో ఇంకో గంట నిలబడక్కర్లేదన్న సంతోషం మొహంలో కనబడింది. జోజి కార్డు నంబరు రాసుకున్నాడు, వేలిముద్ర అక్కర్లేదన్నాడు, స్కూటరెక్కాడు.

ఇంటికెళ్లి చెబితే భార్య హన్నా బియ్యంలో రాళ్లు ఏరుతున్నది ఏరుతున్నట్టే ఉండిపోయింది.

"మీ కార్డా అది?" అంది చివరికి. "మన నలుగురి పేర్లూ ఉన్నాయండి దాని మీద. నన్నొక మాట అడిగేరా?"

వదినా మరదళ్లు ఎప్పుడూ ఒక్క మాట మీదే ఉంటారు. ఈసారీ హన్నా జ్ఞానమ్మని ఒక్క మాట అనలేదు. అన్నవన్నీ జోజినే. అన్నీ నిజాలే గనక విన్నాడు. విన్నాక తెల్ల కాయితం తీసి బల్లపీట మీద పరిచాడు.

"మళ్లీ అర్జీయా?"

"ఆఁ. ఈసారి ఎవర్నీ తియ్యమని కాదు. ఇంటింటికీ ఇమ్మని. ఉన్నోళ్ల తోటల మీదా చెరువుల మీదా పన్నెయ్యమని."

"ఇంటింటికీ అంటే అమ్మిరాజుగారింటికి కూడానా?"

"కూడానే."

"పేటంతా ఏమంటారో తెలుసా? ఆయన దగ్గర రొయ్యల బుట్ట పుచ్చుకున్నారంటారు."

"అంటారు."

"ఆయన సంతకం పెడతాడా?"

"బియ్యం ఇమ్మన్న చోట పెడతాడు. పన్నెయ్యమన్న చోట పెట్టడు."

హన్నాకి నవ్వొచ్చింది గానీ నవ్వకుండా చేట దులిపింది. జోజి రాయడం మొదలెట్టాడు. గొప్ప మాటలేవీ రాలేదు. పేదరికం చూపించమని మా ఆడోళ్లని గుమ్మాల్లో నిలబెట్టకండి అని రాశాడు. అందరికీ ఇవ్వండి, అమ్మిరాజుగారికి కూడా ఇవ్వండి, తర్వాత ఆయన దగ్గర వసూలు చేసుకోండి అని రాశాడు. ఆ పేరు పక్కన "గారు" రాసేటప్పుడు పెన్ను కాయితాన్ని చించింది. చినిగిన చోట వదిలేసి కింది వరసలో రాశాడు.

పూర్తయ్యాక కాయితం భార్య వైపు తోశాడు. "మొదటి సంతకం నువ్వు పెట్టు."

"నా సంతకం ఊరికే రాదు" అంది హన్నా, చేట పక్కన పెట్టి లేస్తూ. "ముందెళ్లి రేపటికి బియ్యం తెండి."